హంపన్న గేటు

కర్నూలు, కడప. ఈ రెండు ఊర్ల పేర్లూ ప్రయాణంలోంచే పుట్టాయని మా వైపు చెప్పుకుంటారు. ఆలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట. ఆ కందెన ఊరే కందనవోలు అయ్యి, కర్నూలు అయ్యింది. కడపేమో తిరుమల వెంకన్నకు గడప. కొండకు పోయేవాళ్లు ముందు దేవుని కడపలో మొక్కి ఆ తర్వాతే దక్షిణానికి కదిలేవారట. పండితులు ఈ వ్యుత్పత్తులను ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వేరే సంగతి. కోటల పేర్లు, రాజుల పేర్లు చాలా ఉండగా జనం మాత్రం తమ ఊరికి బండి చక్రాన్నీ గడపనీ కథలుగా ఎంచుకున్నారు. దావ మీద బతికిన సీమ ఇది.

దావ అంటే మా వైపు దారి. దావ ఉన్నచోట భయం కూడా ఉంటుంది. అందుకే దావలో పోయే మనిషిని ఎవరు కాపాడాలి, కాపాడేవాణ్ణి ఎవరు కాపాడాలి అనే ప్రశ్నలు ఈ నేలకు చాలా పాతవి. మొదటి ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండోదాని గురించి.

పాత జవాబు కావలి. బ్రిటిషువాళ్లు రాకముందు దక్షిణాదిలో చాలాచోట్ల ఊరికీ దావకూ కావలివాడు ఉండేవాడు. అతని హద్దులో దొంగతనం జరిగితే దొంగనైనా పట్టివ్వాలి, పోయిన సొమ్ముకైనా జవాబు చెప్పాలి. దానికి బదులు కావలి రుసుము పుచ్చుకునేవాడు. వినడానికి బాగానే ఉంది కదా! చిక్కల్లా ఏమిటంటే, రుసుము ఇవ్వని బాటసారిని దోచేది కూడా ఒక్కోసారి ఆ కావలివాడో, అతని వెనకున్న పాలెగాడో. కాపాడే చెయ్యి, కొట్టే చెయ్యి ఒకటే. తర్వాతి కాలంలో మనం ఫ్యాక్షన్ అని పిలిచినదాంట్లో కూడా ఈ వాసన కొంత ఉందని నాకనిపిస్తుంది.

ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి పోయాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన పెద్దమనిషి. వంద మంది దాకా పరివారం, పల్లకీ బోయీలు, డేరాలు. అలాంటివాడు కూడా దావ పొడుగునా ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ దిగితే భద్రం, ఎవరు ఏం వసూలు చేస్తున్నారు అని రాసుకుంటూ పోవలసి వచ్చింది. శ్రీశైలానికి పోయే యాత్రికుల దగ్గర కందనూరు నవాబు పన్ను పట్టే సంగతి ఆయన పుస్తకంలో ఉంది. అడవి దావలో చెంచులే కాపలా, చెంచులే తోవ చూపేవాళ్లు. వంద మందితో పోయేవాడి సంగతే అది. కట్టుబట్టలతో పోయే యాత్రికుడి సంగతి మనం ఊహించుకోవాల్సిందే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో ఏడేళ్లలో పాలెగాళ్ల బలం విరిచాడు. 1839లో కర్నూలు నవాబును కూడా దించేశారు. ఇక దావలన్నీ సర్కారువి. 1860లలో రైలు కడప దాటి, గుత్తి మీదుగా గుంతకల్లు వైపు సాగి, 1871 నాటికి రాయచూరు చేరింది. వంద మంది పరివారం లేని మనిషి కూడా ఇక టికెట్టు కొని వందల మైళ్లు పోవచ్చు. టికెట్టు ముక్క ఒక కొత్త రకం కావలి రుసుము. దాని మీద సర్కారు పేరుంది గనక, దావలో ఏదన్నా జరిగితే సర్కారే జవాబుదారీ. జనం అలా నమ్మారు.

కొంతవరకు చట్టం కూడా ఆ నమ్మకాన్ని ఒప్పుకుంది. 1890 నాటి రైల్వే చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రయాణికుల రైల్లోనూ అన్నిటికంటే కింది తరగతిలో కనీసం ఒక పెట్టె భాగం ఆడవాళ్లకు ప్రత్యేకించాలి. మొదటి తరగతి దొరసానులకే కాదు, మూడో తరగతిలో పోయే కూలి ఆడమనిషికి కూడా. బస్సులో ‘స్త్రీలు’ అని రాసి ఉండే సీటుకు ఇది ముత్తవ్వ. సరే, పెట్టె లోపల చట్టం ఉంది. మరి రైలు దిగాక? పట్టాల పక్కన? గేటు దగ్గర?

ఆ చట్టం వచ్చి మూడేళ్లు గడిచాక ఈ ప్రశ్నకు గుంతకల్లులో ఒక మనిషి జవాబు చెప్పాడు.

గూలపాళ్యం హంపన్న రైల్వే గేటు కాపరి. గేటు వెయ్యడం, తియ్యడం, జెండా చూపించడం, రాత్రయితే లాంతరు వెలిగించడం. రైల్వే ఉద్యోగాల్లో దాదాపు అడుగు మెట్టు. గుంతకల్లు అప్పటికే జంక్షను. దండు రైళ్లు వచ్చి ఆగే చోటు. 1893 అక్టోబర్ 4న అక్కడ ఆగిన తెల్ల సైనికులు కొందరు దావన పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంట పడ్డారు. వాళ్లు పరుగెత్తి హంపన్న కాపలా ఉన్న గేటు దగ్గరికి వచ్చారు. హంపన్న వాళ్లకు ఆశ్రయమిచ్చి అడ్డం నిలబడ్డాడు. ఒక సైనికుడు తుపాకీ పేల్చాడు. ఆ గాయంతో హంపన్న చనిపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగి ఒక సంగతి గమనించాలి. ఆ ఇద్దరూ హంపన్నకు చుట్టాలు కారు. రైలు ప్రయాణికులు కూడా కారు. వాళ్లను కాపాడమని ఏ రూలు బుక్కూ అతనికి చెప్పలేదు. గేటు కాపరి పని గేటు కాయడం, అంతే. కానీ ఆపదలో ఉన్న మనిషికి పట్టాల పక్కన కనపడే సర్కారు మనిషి అతనొక్కడే. స్టేషను మాస్టరు దూరం, పోలీసు దూరం, కలెక్టరు ఇంకా దూరం. పదిమంది తిరిగే చోట కొలువు చేసే చిన్న ఉద్యోగికి ఎప్పుడూ ఇదే జరుగుతుంది. అతని జీతంలో లేని బాధ్యత ఒకటి పరుగెత్తుకుంటూ వచ్చి అతని తలుపు కొడుతుంది.

తర్వాత కేసు నడిచింది. గుత్తిలో పట్టు కేశవ పిళ్లె అనే వకీలు ఉండేవాడు. ‘హిందూ’ పత్రికకు విలేఖరి కూడా. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ సభకు పోయివచ్చినవాడు. ఈ కేసు మరుగున పడకుండా పత్రికలో రాసి, సాక్ష్యాల కోసం తిరిగి, పట్టుపట్టింది ఆయనే. అప్పటి చట్టంలో ఒక మెలిక ఉంది. ఇల్బర్ట్ బిల్లు మీద తెల్లవాళ్లు గోల చేశాక 1884లో కుదిరిన రాజీ ప్రకారం, బ్రిటిషు నిందితుడు తనను విచారించే జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని అడగొచ్చు. మద్రాసు హైకోర్టులో విచారణ జరిగి, నిందితుడైన సైనికుడు నిర్దోషిగా బయటపడ్డాడు.

కోర్టు వదిలేసినదాన్ని జనం వదల్లేదు. చందాలు పోగుచేసి గుత్తిలో హంపన్నకు రాతి స్మారకం కట్టారు. ఇద్దరు ఆడవాళ్లను కాపాడబోయి యూరోపియన్ సైనికుడి చేతిలో చనిపోయాడన్న మాటను, ఆ యూరోపియన్ల ఏలుబడిలోనే రాతి మీద చెక్కించారు. తీర్పు కాగితం మీద ఒకటుంది, రాతి మీద ఇంకొకటుంది. రాజులకు, దొరలకు, వీరులకు రాళ్లు వేసే సీమలో ఒక గేటు కాపరికి రాయి వేశారంటే ఆ ఏడు జనానికి ఎంత కడుపు మండిందో తెలుస్తుంది.

*

రైలు తర్వాత బస్సు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ వంశంలోనే 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది. రాయలసీమలో మాత్రం బస్సులు ఇంకా ప్రైవేటువే. ఆ రూట్ల వెనక పెద్ద కుటుంబాలు, వాటి వెనక రాజకీయాలు.

కర్నూలు జిల్లా బస్సులు ఒక ముఖ్యమంత్రిని దించేశాయని ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు. నీలం సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యాక, జాతీయం చెయ్యాల్సిన జిల్లాల వరుస ఉన్నట్టుండి మారి, కర్నూలు జిల్లా పడమటి భాగం ముందుకొచ్చింది. అక్కడ బస్సులు నడిపేవాళ్లలో ఆయనకు రాజకీయంగా గిట్టనివాళ్లు ఉన్నారు, ఇది కక్ష సాధింపే అని ఆపరేటర్లు సుప్రీంకోర్టుకెక్కారు. ఆ ఆరోపణలను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ స్కీములను కొట్టేసింది. సంజీవరెడ్డి రాజీనామా చేశారు. సి. ఎస్. రౌజీ కేసు అని న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఇప్పటికీ పాఠంగా చెప్తారు.

ఈ కథ ఇక్కడెందుకంటే, మా సీమలో బస్సు ఏనాడూ ఉత్త బస్సు కాదు. అది ఎవరిదో ఒకరిది. మొదట ఫలానా రెడ్డిది, ఫలానా సాహెబుది. తర్వాత సర్కారుది. సర్కారు మీద కోపమొచ్చినవాడికి కలెక్టరు దొరకడు, మంత్రి దొరకడు. ఊరి మధ్యకు రోజుకు రెండుసార్లు తనంతట తాను వచ్చి నిలబడే సర్కారు బస్సొకటే. అది కాలిపోతే మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. అందుకే మనదేశంలో బందు అనగానే మొదటి రాయి బస్సు అద్దానికే.

ఫ్యాక్షన్ రోజుల్లో ఈ భయం ఇంకో రూపం తీసుకుంది. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, పులివెందుల దావల్లో బస్సు ఆపి, లోపలున్న మనిషిని పేరు పెట్టి దించుకుపోయిన కథలు మా తరం చిన్నప్పుడు విన్నవే. సినిమాలు సుమోలనూ వేటకొడవళ్లనూ చూపించాయి గానీ ఆ బస్సు డ్రైవరును చూపించలేదు. అతను ఆపకపోతే బాంబు, ఆపితే తన ప్రయాణికుడి చావుకు సాక్షి. సాక్షి అయినాక మళ్లీ అదే రూట్లో మర్నాడు డ్యూటీ. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవీంద్ర హత్య జరిగినప్పుడు రాష్ట్రమంతా బస్సులు తగలబడ్డాయి. హత్యతో ఏ సంబంధమూ లేని డ్రైవర్లు, కండక్టర్లు తమ బండి కాలుతుంటే పక్కన నిలబడి చూశారు.

చట్టాలు లేక కాదు. ప్రభుత్వ ఆస్తుల ధ్వంసాన్ని ఆపడానికి 1984లోనే కేంద్రం చట్టం చేసింది. ప్రజా రవాణా వాహనాలను అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. నిప్పుపెడితే పదేళ్ల దాకా జైలు. 2007లో బందుల్లో, ఆందోళనల్లో జరిగే విధ్వంసాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. జస్టిస్ కె. టి. థామస్ ఒక కమిటీకి, ఫాలీ నారిమన్ ఇంకో కమిటీకి నాయకత్వం వహించారు. 2009 ఏప్రిల్‌లో నష్టాన్ని బాధ్యుల నుంచే రాబట్టే దారులు కోర్టు చెప్పింది. దేశమంతటికీ వర్తించే ఆ కేసులో రెండో పక్షం పేరు ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’. మనకు బాగానే నప్పింది.

ఇక 1993 మార్చి 8. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట పోతున్న ఆర్టీసీ బస్సును దోచుకోబోయి ఇద్దరు యువకులు పెట్రోలు చల్లారు. నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. తెలుగునాట ఇంతకన్నా ఘోరమైన బస్సు నేరం నాకు తెలియదు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ ఇద్దరూ పేద దళితులు. ఉరి వద్దంటూ పౌరహక్కులవాళ్లు, రచయితలు పెద్ద ఉద్యమమే నడిపారు. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

చచ్చిపోయిన 23 మందిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కానీ వరసగా పెట్టి చూస్తే ఒకటి కనపడుతుంది. గేటు కాపరిని కాల్చిన దొరల సైనికుడు నిర్దోషి. నాయకుడి పేరు మీద బస్సులు తగలబెట్టే గుంపుకు పేరే ఉండదు, ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తుతెలియని వ్యక్తులు’. వెనక ఏ నాయకుడూ లేని ఇద్దరికి ఉరితాడు దాదాపు మెడ దాకా వచ్చింది. శిక్ష బరువు నేరాన్ని బట్టే కాక, నేరస్థుడి వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టి కూడా మారుతోంది. ఇంకొకటి: ఎంత పెద్ద శిక్ష అయినా ఆ రాత్రి ఆ బస్సులో ఉన్నవాళ్లకు ఏమీ చెయ్యలేదు. శిక్ష వేరు, రక్షణ వేరు. మనం మాట్లాడేదంతా మొదటిదాని గురించే.

*

బాంబులు, మంటలు తగ్గాయి. ఇప్పటి కథ చిన్నది, రోజూ జరిగేది.

కర్నూలు–నంద్యాల మధ్య పల్లెవెలుగులో నాలుగేళ్లు కాలేజీకి తిరిగాను. కండక్టరు పని ఏందో నేను నేర్చుకున్నది అక్కడే. యాభై సీట్ల బండిలో ఎనభై మంది. టికెట్టు కొట్టాలి, చిల్లర ఇయ్యాలి, విజిలు వెయ్యాలి, ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లోళ్లను లోపలికి లాగాలి, ఆడవాళ్ల సీట్లో కూర్చున్న పెద్దమనిషిని లేపాలి. చిల్లర లేకపోతే టికెట్టు వెనక బాకీ రాసిస్తాడు. దిగేటప్పుడు ఆ బాకీ దగ్గర మొదలవుతుంది. “ఏమప్పా, రెండ్రూపాయలు మింగుతావా?” అంటాడు ఒకాయన. “నా దగ్గర ముద్రిస్తారా అన్నా చిల్లర, ఇస్తా ఉండు” అంటాడు కండక్టరు. నూటికి తొంభై సార్లు అది నవ్వుతోనే ముగుస్తుంది. మిగతా పదిసార్లలో ఎవరో తాగి ఉంటారు. అప్పుడు కాలరు మీద చెయ్యి పడుతుంది.

అలాంటి ఒక సాయంత్రం ఓర్వకల్లు దాటినాక ఒక తాగుబోతు ఒక కాలేజీ అమ్మాయి మీద పదేపదే ఒరిగిపోతుంటే, కండక్టరక్క వచ్చి మధ్యలో నిలబడింది. వాడు ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బస్సులో డెబ్బై మందిమి ఉన్నాం. చాలామంది కిటికీల్లోంచి బయటికి చూశారు. చివరికి వెనక సీటు నుంచి ఒక ముసలామె లేచి, “ఒరేయ్, ఆ పాప నా మనవరాలనుకో, ఈ యమ్మ నా కూతురనుకో, ఇప్పుడు మాట్లాడు” అంది. వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు. కండక్టరక్క ఏమీ జరగనట్టు మిగతా టికెట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి వణకడం మాత్రం మా వరసలో వాళ్లందరికీ కనపడింది.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. ఆంధ్రలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో. పొలం కూలికి, ఆస్పత్రికి, కాలేజీకి పోయే ఆడవాళ్ల చేతిలో ఆ మిగులు డబ్బు ఎంత పెద్దదో మా సీమ ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అయితే జనం పెరిగారు. ఆధార్ కార్డు చూపించమని అడగాల్సింది కండక్టరే, బండి నిండిపోయిందని చెప్పాల్సింది కండక్టరే, సీటు దొరకని మగాళ్ల ఎత్తిపొడుపులు పడాల్సింది కండక్టరే. ప్రభుత్వం ఒక విధానం ప్రకటిస్తుంది. దాని రాపిడి అంతా ఒక్క మనిషి ఒంటి మీద పడుతుంది. లండన్ బస్సుల్లో డ్రైవరు చుట్టూ గట్టి పారదర్శక తెర ఉంటుంది, దాడుల నుంచి కాపాడడానికి. మన కండక్టరుకు ఏ తెర కడతాం? ఆ పని చేసేదే జనం మధ్యలో.

కాగితం మీద కండక్టరు నిరాయుధుడేమీ కాదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఆర్టీసీ ఉద్యోగి పబ్లిక్ సర్వెంటే. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు నేరుగా ప్రభుత్వోద్యోగులయ్యారు. డ్యూటీలో ఉన్న పబ్లిక్ సర్వెంటును గాయపరిస్తే పాత శిక్షాస్మృతిలో మూడేళ్ల దాకా జైలు ఉండేది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 121వ సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. కానీ కేసు పెట్టాలంటే బస్సును స్టేషనుకు తిప్పాలి. ప్రయాణికులు గొణుగుతారు, ట్రిప్పు పోతుంది. తర్వాత వాయిదాలు. ఆపైన రోజూ అదే ఊరి మీదుగా బండి తోలాలి. ఊరి పెద్దమనిషి వచ్చి “పోనీలేప్పా, తాగినాడు, తెలీక చేసినాడు” అంటాడు. కేసు అక్కడే ఆగుతుంది.

అందుకే శిక్ష సంవత్సరాలు పెంచడం కంటే పని జరిగే తీరు మార్చడం ముఖ్యమనుకుంటాను. ఫిర్యాదు చెయ్యాల్సింది దెబ్బతిన్న మనిషి కాదు, సంస్థ. కోర్టుకు పోయిన రోజు డ్యూటీగా లెక్కపడాలి. డ్రైవరే టికెట్లు కొట్టే ఒంటి మనిషి సర్వీసులను రాత్రి పూట, మందు దుకాణాల మీదుగా పోయే రూట్లలో వెయ్యకూడదు. చిల్లర తగాదా లేకుండా ఫోనుతో డబ్బు కట్టే ఏర్పాటు పల్లెవెలుగులో కూడా నమ్మకంగా పనిచెయ్యాలి. ఇవన్నీ మామూలు సంగతులే. ఉద్యమాలు రావు, సినిమాలు రావు.

మిగిలింది మనం. కావలి రుసుము రోజుల నుంచి టికెట్టు రోజుల దాకా ప్రయాణికుడు ఒకటే అనుకుంటూ వచ్చాడు: నేను డబ్బు కట్టాను, నన్ను కాపాడడం వాళ్ల పని. ఆ లెక్క సరైనదే, కానీ సగమే. హంపన్న కథను ఎవరు చెప్పినా ఇద్దరు ఆడవాళ్లను కాపాడిన ఒక మగాడి త్యాగంగా చెప్తారు. నేను ఇంకో వైపు నుంచి చూస్తాను. గుంతకల్లు జంక్షనులో ఆరోజు చాలామంది ఉండి ఉంటారు. కూలీలు, ప్రయాణికులు, ఇతర సిబ్బంది. ఆ గేటు దగ్గర హంపన్న పక్కన ఇంకో పదిమంది నిలబడి ఉంటే? తుపాకీ పేలేదో లేదో చెప్పలేం. కానీ సాక్ష్యానికి పది నోళ్లు ఉండేవి. చందాలేసి రాయి నిలబెట్టిన జనం మంచివాళ్లే. ఆ వచ్చింది ఒక రోజు ముందు రావలసింది.

గుత్తి కోట చూడ్డానికి చాలామంది పోతుంటారు. ఈసారి పోయినప్పుడు ఆ స్మారకం ఎక్కడుందో ఊళ్లో అడగండి. బస్సులోనే పోండి. ఎక్కేటప్పుడు సరిపడా చిల్లర జేబులో పెట్టుకోండి. దావలో ఎవరన్నా కండక్టరు మీద చెయ్యెత్తితే కిటికీలోంచి బయటికి చూడకండి.